సీటు కింద తీగ

స్పానరమ్మ ఆ కంపెనీలో చేరింది జీతం కోసం కాదు. ఆ సంగతి ఆమెకూ, ఆమె తమ్ముడికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

అది గడ్డి కోసే బండ్లు తయారుచేసే కంపెనీ. మనిషి పైన కూర్చుని చిన్న ట్రాక్టర్‌లా నడిపే బండ్లు. కింద బోర్లించిన పళ్ళెంలాంటి రేకు డెక్కు, దాని లోపల గిర్రున తిరిగే బ్లేడు. షెడ్ల వెనక ఓ మట్టి గుట్ట ఉంది. పనివాళ్ళు దాన్ని మూపురం అంటారు. దాని వాలు మీద అక్కడక్కడా తెల్ల రంగు వేసిన కర్రలు పాతి ఉంటాయి. ఈ కర్ర దగ్గర పది డిగ్రీలు, ఆ కర్ర దగ్గర పదిహేను, పైన గడ్డి పల్చబడ్డ చోట ఇరవై. కొత్త బండి ఏదైనా ముందు ఈ మూపురం ఎక్కి దిగాలి. ఎక్కి దిగాక ఎక్కడ వదులైంది, ఎక్కడ బిగుసుకుంది చూసి సరిచేసే విభాగంలో ఆమె మెకానిక్కు.

అంతకుముందు పద్దెనిమిదేళ్ళు బట్టల కార్ఖానాలో కుట్టు మెషీన్లు బాగుచేసింది. చేరడానికి వచ్చిన రోజున ముసలి ఫోర్‌మన్ ఆమెను ఎగాదిగా చూసి, "కుట్టు మెషీన్లు చూసుకునేదానివి, నీకు ఇంజన్ల గురించి ఏం తెలుసమ్మా?" అన్నాడు.

"తిరిగేది ఏదైనా ఒకటే బాబాయ్. ఎక్కడో ఓ చోట ఒరుసుకుంటుంది. అక్కడ చెవి పెట్టి వింటే అదే చెబుతుంది."

ఆయన నవ్వి, ఓ మొరాయిస్తున్న బండి చూపించాడు. పావుగంటలో దాని గొంతు సర్దింది. అప్పటినుంచి ఆయన ఆమెకు బాబాయి, ఆమె అందరికీ స్పానరమ్మ. భర్త ఇంటిపేరుతో చేరింది కనుక, అంతకు నాలుగు నెలల కిందట ఆ మూపురం మీదే కాలు పోగొట్టుకున్న కుర్రాడికి ఆమె స్వయానా అక్క అని ఎవరికీ తట్టలేదు.

తమ్ముడు అక్కడ టెస్ట్ డ్రైవరు. ఆమెకంటే పన్నెండేళ్ళు చిన్న. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది ఆమే. వాడికి మీసాలొచ్చినా, పెళ్ళీడు వచ్చినా, తనకు మాత్రం చంక దిగని పిల్లాడే. అలాంటి వాడు ఆసుపత్రి మంచం మీద మోకాలి కింద ఏమీ లేకుండా పడుకుని, మొదటిసారి నోరు విప్పి చెప్పిన మాటలు ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఆ బండికి సీటు కింద ఓ స్విచ్చు ఉంటుందక్కా. మనం సీటు మీంచి లేచినా, పడిపోయినా ఇంజనూ బ్లేడూ టక్కున ఆగిపోవాలి. దానికోసమే అది. కానీ వాలు మీద అడ్డంగా పోయేటప్పుడు మనం పైవైపుకి ఒరుగుతాం గదా, బరువు తగ్గి బండి మాటిమాటికీ ఆగిపోయేది. మా చీఫ్ ఇంజనీరుకి చిరాకేసింది. నన్ను లెమ్మన్నాడు. సీటెత్తి, ఎడమ స్ప్రింగు వెనకాల చిన్న ఎర్ర తీగతో స్విచ్చు రెండు కొసలూ కలిపేశాడు. ఇంక ఆగదు పో, అన్నాడు."

"నువ్వు వద్దనలేదట్రా?"

"అన్నాను. భయమైతే వేరేవాణ్ణి పిలుస్తానన్నాడు. వెనక చక్రాలకి పట్టు పెరుగుతుందని గాలి కూడా సగం తీయించాడు. రెండో రౌండులో కింది చక్రం నొక్కుకుపోయింది. బండి దొర్లింది. నేను పడ్డాను, బ్లేడు ఆగలేదు."

ఆమె వాడి తల నిమిరింది.

"అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది వాడేనక్కా. వచ్చి నా కాలు చూళ్ళేదు. ముందు సీటెత్తాడు. తీగ పీకి జేబులో పెట్టుకున్నాకే నావైపు తిరిగాడు."

ఆ చివరి మాట ఆమె గుండెలో మేకులా దిగింది. ప్రమాదం ఎవరివల్లయినా జరగొచ్చు. తప్పుడు నిర్ణయం ఎవరైనా తీసుకోవచ్చు. కానీ నేలమీద నెత్తురోడుతున్న పిల్లాణ్ణి దాటుకుని తీగ కోసం చెయ్యి పెట్టినవాణ్ణి ఆమె ఏ జన్మకీ క్షమించదలుచుకోలేదు.

రిపోర్టు చీఫే రాశాడు. 'డ్రైవరు తొందరపాటుతో, ఎవరికీ చెప్పకుండా, బ్యాటరీ పక్కన స్విచ్చు వైర్లను తీగతో కలిపినట్టు కనుగొనడమైనది.' సీటు కింద అని రాయలేదు. ఎందుకంటే ఆ ఉదయం సీటు కింద అంతా చూశాను, సవ్యంగా ఉంది అని సంతకం పెట్టింది తనే. ఆ ఒక్క వాక్యంతో వాడి ఉద్యోగం పోయింది. పోతే పోయింది. కాలు వాడే నరుక్కున్నాడన్న పేరు మిగిలింది. కుదిరిన సంబంధం వాళ్ళు కూడా, కాలు లేదని కాదు, తెలివిలేనివాడని మానుకున్నారు.

చీఫ్ చూడ్డానికి రాక్షసుడేం కాదు. పొడుగ్గా, శుభ్రంగా, చొక్కా జేబులో ఉక్కు స్కేలు పెట్టుకుని తిరిగేవాడు. పని తెలిసినవాడు. పని తెలిసినవాళ్ళంటే ఇష్టపడేవాడు కూడా. స్పానరమ్మ చేతి పని చూసి ఓసారి భుజం తట్టినంత పని చేసి, "నువ్వు ముందే ఉండుంటే ఆ ప్రమాదం జరిగేదే కాదమ్మా. ఆ కుర్రాడు మరీ తొందర మనిషి, పాపం," అన్నాడు.

ఆ 'పాపం' విన్నప్పుడు ఆమె చేతిలో ఉన్న బోల్టు మర పోయేదాకా బిగిసింది. పైకి మాత్రం, "అంతేలెండి సార్," అంది.

మూడేళ్ళు గడిచాయి. ఆమె కోపం చల్లారలేదు సరిగదా, రోజూ నూనె పోసి తుడిచి పెట్టుకున్న పనిముట్టులా మెరుస్తూనే ఉంది. కాగితాలు వెతికింది, పాత బండి తునక ఏదైనా దొరుకుతుందేమోనని తుక్కు కుప్ప తిరగేసింది. ఏమీ లేదు. చీఫ్ నోటినుంచి రావాలి తప్ప నిజానికి ఇంకో దారి లేదని అర్థమైంది. ఆ నోరు తెరుచుకోవాలంటే ఏం చెయ్యాలో తెలియక, పని నేర్చుకుంటూ కూర్చుంది. డెక్కు నాలుగు మూలలా ఎత్తు కొలిచి, ముందువైపు ఓ చిటికెడు కిందికి ఉండేలా సర్దడం. బండి వాలుకి ఒరిగినప్పుడు పెట్రోలు ఓ పక్కకి పోయి ఇంజను దగ్గితే, ఆ దగ్గు ట్యాంకుదా, కార్బురేటర్‌దా విని చెప్పడం. మూడో ఏడు వచ్చేసరికి ఆమె చెయ్యి పడకుండా ఏ బండీ మూపురం ఎక్కేది కాదు. నడపడమూ ఆమే నడిపేది.

ఆ ఏడే కొత్త బండి వచ్చింది. నగరంలో కొండవాలు పార్కులన్నిటికీ ఒకే రకం బండ్లు కావాలని పార్కుల శాఖ అడిగింది. ఇరవై డిగ్రీల వాలు మీద నిలువుగానే కాదు, అడ్డంగా కూడా పోతుందని చీఫ్ మాట ఇచ్చేశాడు. శుక్రవారం ఉదయం పార్కుల అధికారి వస్తాడు, కూడా భద్రతా తనిఖీ చేసే ఆవిడ వస్తుంది. వాళ్ళ కళ్ళ ముందు బండి నడవాలి.

సోమవారం స్పానరమ్మ దాన్ని వాలు మీద అడ్డంగా పోనిచ్చింది. నాలుగు గజాలు పోయి ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మూడు గజాలు. గుంట వచ్చినప్పుడల్లా, ఆమె పైకి ఒరిగినప్పుడల్లా ఇంజను చచ్చిపోతోంది. పాత జబ్బే.

చీఫ్ కిందనుంచి చూస్తూ నిలబడ్డాడు. ఆమె దిగి వచ్చాక చుట్టూ ఓసారి చూసి, గొంతు తగ్గించి, "ఆ సీటు స్విచ్చు సంగతి ఏదో ఒకటి చెయ్యి," అన్నాడు.

"ఏం చెయ్యమంటారు సార్?"

"అన్నీ నేను చెప్పాలా? శుక్రవారం బండి ఆగకూడదు. అంతే."

"కాగితం మీద రాసివ్వండి, అలాగే చేస్తాను."

చీఫ్ నవ్వాడు. "ఇంత చిన్నదానికి కాగితమెందుకమ్మా. నువ్వు చూసుకుంటావులే. నేనసలు ఆ సీటు జోలికి రాను."

"సరే సార్. నేను చూసుకుంటాను," అంది.

ఆ నాలుగు రోజులూ ఆమె ఏం చేసిందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. గట్టి సీటు స్ప్రింగులు తీసి మెత్తవి వేసింది, మనిషి ఒరిగినా సీటు పూర్తిగా పైకి లేవకుండా. స్విచ్చుకీ ఇంజనుకీ మధ్య అగ్గిపెట్టెంత రిలే ఒకటి పెట్టింది. బరువు తగ్గిన అరసెకను వరకూ ఓర్చుకుంటుంది, ఆ తర్వాత కూడా మనిషి లేకపోతే ఇంజన్నీ బ్లేడునీ ఆపేస్తుంది. వెనక చక్రాలకు లోపల మందపాటి ఇనుప బిళ్ళలు వేసి, రెండు పక్కలా రెండేసి వేళ్ళ మేర వెడల్పుగా జరిపింది. బండి అడుగున దిమ్మ బరువు కట్టింది. బుధవారం మధ్యాహ్నం కేబుళ్ళేసి బండిని పక్కకి ఎత్తి చూస్తే, ఇరవై కాదు, ఇరవై ఎనిమిది దాటినా పై చక్రం నేల వదల్లేదు. అలాంటి పని తను జీవితంలో ఇంకోటి చెయ్యలేదని ఆమెకే తెలుస్తోంది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు ఖాళీగా ఉంది. ఆమె బండి పక్కన గొంతుక్కూర్చుని, ఎడమ వెనక చక్రం వాల్వు మూత విప్పింది. గేజి చూస్తూ గాలి తీయడం మొదలుపెట్టింది. పధ్నాలుగు పాయింట్లు. పది. ఎనిమిది. బుస్సుమని గాలి పోతుంటే ఆమెకు ఒళ్ళంతా హాయిగా ఉంది. రేపు ఎలాగోలా చీఫ్‌ని ఎక్కిస్తే చాలు. అదే వాలు, అదే వైపు. కాలుకి కాలు. ఆరు దగ్గరకి వచ్చింది. రిలే పీకి పారెయ్యడం ఎంతసేపు?

వేలు అక్కడే ఆగింది. జాలి వేసి కాదు. వాడు పడితే, 'పాపం, పనిలో ప్రాణాలకు తెగించిన మనిషి' అంటారు. పూలు పంపుతారు. తమ్ముడి మీద రాసిన వాక్యం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, దాన్ని కొట్టేసే నోరు మూతపడి ఉంటుంది. వాడు బతకాలి. బతికి మాట్లాడాలి. ఆమె పంపు తెచ్చుకుని, పళ్ళు కొరుక్కుంటూ, మళ్ళీ పధ్నాలుగు దాకా గాలి కొట్టింది.

శుక్రవారం పదిన్నరకి వచ్చారు. పార్కుల అధికారి పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు ఉండే మనిషి. తనిఖీ ఆవిడ బూట్లు వేసుకొచ్చి, ఎవరూ అడక్కముందే మూపురం సగం ఎక్కేసి, తెల్ల కర్రల దగ్గర తన పరికరంతో వాలు కొలుచుకుంది. చీఫ్ ఉక్కు స్కేలు ఊపుతూ బండి గొప్పతనం వర్ణిస్తున్నాడు.

"ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టు ఉంటుందండీ. నడపడం రానివాళ్ళు కూడా నడిపేస్తారు."

"సరే, నడిపించండి చూద్దాం," అన్నాడు అధికారి.

చీఫ్ స్పానరమ్మ వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మొహం ముడుచుకుని, "పొద్దున్న దిమ్మ ఎత్తానండి. నడుం పట్టేసింది. కూర్చుంటే లేవలేను," అంది.

"మరి ఇంకో డ్రైవరు?"

"సెలవు సార్. మీరే సంతకం పెట్టారు."

అధికారి గడియారం చూసుకున్నాడు. అప్పుడు స్పానరమ్మ, పెద్ద మనిషి గురించి గొప్పగా చెప్పే గొంతుతో, "మా సార్ ఉండగా డ్రైవర్లెందుకండీ? ఈ బండి పుట్టించిందే ఆయన. కళ్ళు మూసుకుని నడుపుతారు," అంది.

"అదీ మాట! తయారుచేసినాయన నడిపితే ఇంక నాకు అనుమానమే ఉండదు," అన్నాడు అధికారి సంబరంగా.

చీఫ్ మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది. కాదనడానికి దారి లేదు. స్కేలు జేబులో పెట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. స్పానరమ్మ దగ్గరకొచ్చి, లివరు చూపిస్తున్నట్టు వంగి, అతని చెవికి మాత్రమే వినబడేలా చెప్పింది.

"మీరన్నట్టే చేశాను సార్. మూడేళ్ళ కిందటి బండి ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. చక్రాల్లో గాలి కూడా."

అతను గిరుక్కున తల తిప్పాడు.

"కాలు పోయిందే, ఆ తొందర మనిషి. వాడికి నేను అక్కని," అని, నిటారుగా లేచి నిలబడి, అందరికీ వినబడేలా, "పోనివ్వండి సార్, అంతా సిద్ధం!" అంది.

చీఫ్ బండి కదిలించాడు. కదిలించక ఏం చేస్తాడు? నిలువుగా ఎక్కేటప్పుడు బండి మెత్తగా, గొంతు మారకుండా పోయింది. అధికారి తల ఊపాడు. పైన ఇరవై కర్ర దగ్గర అడ్డంగా తిరగాలి. తిప్పాడు. అతని వీపు కర్రలా బిగుసుకుపోవడం కిందనుంచే కనబడుతోంది. ముందు చక్రం చిన్న గుంటలో పడింది. అతను భయంతో పైవైపుకి ఒరిగిపోయాడు, సీటు లేచింది. ఇంజను ఆగలేదు.

అరసెకను ఓర్చుకోమని ఆమె పెట్టిన రిలే ఓర్చుకుంది, అంతే. కానీ అతనికి దాని సంగతి తెలియదు. స్విచ్చు ఉన్న బండి అయితే ఆగాలి, ఇది ఆగలేదు. అంటే తీగ ఉంది. ఆమె చెప్పింది నిజం.

చీఫ్ బ్రేకు తొక్కిపెట్టి, లాకు వేసి, బండి మీంచి పైవైపుకి దూకి, గడ్డిలో మోకాళ్ళ మీద పడ్డాడు. వెనకాలే ఇంజను టక్కున ఆగిపోయింది, బ్లేడు కూడా. ఆ నిశ్శబ్దం చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలిసింది, అతనికి తప్ప. పాకుతూ బండి దగ్గరకొచ్చి, సీటు ఎత్తి, ఇటూ అటూ చూడకుండా తిన్నగా ఎడమ స్ప్రింగు వెనక్కి వేళ్ళు దూర్చాడు. తడుముతున్నాడు. మళ్ళీ తడుముతున్నాడు.

తనిఖీ ఆవిడ అప్పటికే పక్కన ఉంది. "ఏం వెతుకుతున్నారండీ?"

"తీగ... ఎర్ర తీగ ఇక్కడే ఉంటుంది. తీసెయ్యాలి. ఎవరూ ఎక్కకండి, బ్లేడు ఆగదు..."

"బ్లేడు ఎప్పుడో ఆగిపోయింది కదా?"

చీఫ్ తల ఎత్తి చూశాడు. స్పానరమ్మ నడుం నొప్పి సంగతి మరిచిపోయి చకచకా వాలు ఎక్కి వచ్చేసింది.

"ఎర్రదని మీకెలా తెలుసు సార్? నేను తీగ అన్న మాటే అనలేదే."

అతను సీటు కిందనుంచి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పోనీ ఇక్కడెందుకు వెతుకుతున్నారు? పాత బండిలో బ్యాటరీ పక్కన దొరికిందని మీరే కదా రాశారు. సీటు కింద ఏమీ లేదని సంతకం కూడా పెట్టారు. మరి మీ వేళ్ళకి ఈ చోటెలా తెలుసు?"

"ఇది... ఇది వాడి అక్క!" చీఫ్ ఆమెవైపు వేలు చూపించాడు. "నన్ను చంపడానికే ఈ బండి..."

"ఎవరి అక్క?" అంది తనిఖీ ఆవిడ, పుస్తకం తెరుస్తూ. "మొదట్నించి చెప్పండి. నాకు తొందరేం లేదు."

స్పానరమ్మ సీటు కింద రిలే చూపించింది, చక్రాల గాలి కొలిచి చూపించింది. తర్వాత తనే ఎక్కి, ఇరవై కర్ర మీదుగా అడ్డంగా రెండుసార్లు నడిపి, మధ్యలో కావాలని లేచి నిలబడింది. బండి టక్కున ఆగింది. పార్కుల అధికారి నమలడం మానేసి, "మాకు ఇదే బండి కావాలి, ఈవిడ బిగించిందే," అన్నాడు. ఆ మాట అప్పుడు ఎవరి చెవికీ ఎక్కలేదు.

విచారణ మూడు వారాలు సాగింది. తనిఖీ ఆవిడ ఆమెను కూడా నిలదీసింది.

"బండి పాతదానిలాగే ఉందని ఆయనతో చెప్పారా?"

"చెప్పాను. అబద్ధం చెప్పాను."

"ఆయన బెదిరి దొర్లిపడి ఉంటే?"

"దొర్లకుండా బిగించాను మేడమ్. మనిషికి భయం తప్ప ఇంకే దెబ్బా తగలకుండా కొలిచి మరీ బిగించాను."

అబద్ధం చెప్పి మనిషిని వాలు ఎక్కించినందుకు పదిహేను రోజులు పనిలోకి రావద్దన్నారు. ఆమె తల ఊపి సంతకం పెట్టింది.

చీఫ్ మొదట అన్నీ కాదన్నాడు. ముసలి ఫోర్‌మన్ లేచి, ఆ రోజు చీఫ్ ముందుగా సీటు ఎత్తడం, ఏదో జేబులో పెట్టుకోవడం తాను చూశానని చెప్పాక మాత్రం కూలబడిపోయాడు. బయటికొచ్చాక ఫోర్‌మన్ కళ్ళు తుడుచుకుంటూ ఆమె దగ్గరకి వచ్చాడు. "మనసులో బరువు దిగిందమ్మా," అన్నాడు.

"మూడేళ్ళు మొయ్యగలిగారు కదా, ఇంకొన్నాళ్ళు మొయ్యండి," అంది ఆమె. "మా వాడు మంచంలో ఉన్నప్పుడే నోరు తెరిచుంటే ఆ ఒక్క వాక్యం పుట్టేదే కాదు. ఇప్పుడు తెరిచారని దండ వెయ్యమంటారా?"

ఆ రోజునుంచి ఆమె ఆయన్ను ఫోర్‌మన్ గారూ అనే పిలిచింది. మళ్ళీ బాబాయ్ అనలేదు.

పని లేని ఆ పదిహేను రోజులూ తమ్ముడి దగ్గరే ఉంది. వాడు ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో లెక్కలేదు.

"పాకాడా? నిజంగా పాకాడా?"

"మోకాళ్ళ మీద. ఫ్యాంటుకి గడ్డి పసరు అంటుకుంది."

"వేళ్ళు ఎలా పెట్టాడు? చూపించు."

ఆమె కుర్చీ మెత్త ఎత్తి, వణుకుతున్న వేళ్ళు దూర్చి చూపించేది. వాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో వినబడని నవ్వు. ఐదో రోజున నవ్వడం ఆపి, ఉన్నట్టుండి, "నువ్వు మూడేళ్ళు వాణ్ణి సార్ సార్ అంటూ ఎలా ఉన్నావక్కా?" అన్నాడు.

"పళ్ళ నొప్పని రాత్రిళ్ళు లవంగం పెట్టుకునేదాన్ని కదా, గుర్తుందా? అది పుచ్చు కాదురా. పగలంతా పళ్ళు కొరుక్కోవడం."

వాడు లేచి, కర్ర ఆనించుకుని, ఆమెకు తనే టీ పెట్టి తెచ్చాడు.

విచారణ పూర్తయ్యాక కంపెనీవాళ్ళు తమ్ముణ్ణి పిలిపించారు. పెద్ద గదిలో పెద్ద బల్ల. పాత రిపోర్టు రద్దు చేస్తున్నామని, కొత్తది ఇంటికి పంపుతామని, చీఫ్‌ని తీసేస్తున్నామని చెప్పారు. మీకు ఇంకా ఏమైనా కావాలా అని మర్యాదగా అడిగారు.

"ఇంటికి పంపొద్దండి," అన్నాడు తమ్ముడు. "పాతది నోటీసు బోర్డు మీద పెట్టారు. ఇక్కడ పనిచేసే ప్రతివాడూ చదివాడు. కొత్తది కూడా అందరూ వినాలి. క్యాంటీన్లో, భోజనాల టైములో. చదవాల్సింది ఆయనే."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు చూసుకున్నారు. "అది ఆయనకి మరీ అవమానంగా..."

"అవునండి," అన్నాడు తమ్ముడు. "అందుకే అడుగుతున్నాను."

స్పానరమ్మ వాడి వైపు తిరిగి చూసింది. వీడు తను పెంచినవాడేనని ఆమెకు ఆ క్షణాన గర్వంగా అనిపించింది.

చదివితే కేసు పోలీసుల దాకా వెళ్ళదని ఎవరో చీఫ్‌కి నచ్చజెప్పారని తర్వాత తెలిసింది. ఏమైతేనేం, సోమవారం ఒంటిగంటకి వచ్చాడు. జేబులో స్కేలు లేదు. క్యాంటీన్లో రెండువందలమంది పళ్ళేల ముందు కూర్చున్నారు. అతను కాగితం తెరవగానే స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. మొదటి బల్ల దగ్గర అక్కాతమ్ముళ్ళు పక్కపక్కనే ఉన్నారు. అందరూ తినడం ఆపినా స్పానరమ్మ ఆపలేదు. చాలా రోజుల తర్వాత ఆకలి బాగా వేస్తోంది. తాపీగా కలుపుకుని తింటోంది.

చీఫ్ తల దించుకుని, పెదాలు కదిలీ కదలకుండా చదువుతున్నాడు. స్విచ్చు వైర్లు కలిపింది తానేనని, గాలి తీయించింది తానేనని, డ్రైవరు వద్దన్నాడని. సగం దాకా వచ్చాడు. వెనక బల్లలవాళ్ళు చెవులు రిక్కిస్తున్నారు.

తమ్ముడు కర్రతో నేలమీద రెండుసార్లు తట్టాడు.

"వెనకాలవాళ్ళకి వినబడ్డం లేదు సార్. మొదట్నించి."

చీఫ్ ఆమె వైపు చూశాడు, ఆపమంటుందేమోనన్నట్టు. స్పానరమ్మ ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, నములుతూ అతని కళ్ళలోకే చూసింది. అతను గొంతు సవరించుకుని, కాగితం పైకెత్తి, తారీఖు దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టాడు.